ఆరున్నరకి మోగే ఫోను

మా పెదపారుపూడి వైపు చాలా ఇళ్లలో ఇప్పుడు అమెరికా గడియారాన్ని బట్టి తెల్లారుతోంది. వేసవిలో డాలస్‌లో రాత్రి ఎనిమిదైతే ఇక్కడ ఉదయం ఆరున్నర. ఆ వేళకి కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఫోను ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లు వీధికి ఒకరిద్దరైనా కనిపిస్తారు. 1974లో ఈనాడు పత్రిక పెట్టిన రామోజీరావు గారు పుట్టిన ఊరు మాది. ఒకప్పుడు పేపరు కుర్రాడి కోసం గుమ్మం వైపు చూసిన కళ్లే ఇప్పుడు ఫోను వైపు చూస్తున్నాయి.

ఎస్‌టీడీ బూత్‌ల రోజుల్లో మీటరు గిర్రున తిరుగుతుంటే గుండె గుబగుబలాడేది. అందుకే ఏం మాట్లాడాలో ముందే కాగితం మీద రాసుకుని వెళ్లేవాళ్లం. 2016లో డేటా చవకైంది, ఆ ఏడాది నవంబరులోనే వాట్సాప్‌లో వీడియో కాల్ కూడా వచ్చింది. దాంతో నిమిషాల లెక్క పోయింది. లెక్కతోపాటు శ్రద్ధ కూడా తగ్గిందని నా బాధ. కారు నడుపుతూ ఒకరు, ఆఫీసు మెయిల్ చూసుకుంటూ ఇంకొకరు. తిన్నారా, మందులేసుకున్నారా, ఉంటా మరి. మాట్లాడేవాడి చూపు పక్కకి జారితే కన్నతల్లికి ఇట్టే తెలిసిపోతుంది. తెలిసినా పైకి అనదు, అంతే.

మా పెద్దమ్మా ఆవిడ మనవరాలూ మాట్లాడుకునే తీరు వేరు. మొన్న వేసవిలో ఆ పిల్ల ఫోనుని నూనె డబ్బాకి ఆనించి, తన ముఖం కాకుండా పీట మీది కాయలు కనిపించేలా పెట్టింది. “టెంక పట్టలేదే తల్లీ, ఇవి ఊరగాయకి పనికిరావు, పప్పులో వేసెయ్” అంది పెద్దమ్మ. మర్నాడు పిల్ల వేరే కాయలు తెచ్చుకుంది. కారం, ఆవపిండి సమానంగా, ఉప్పు మాత్రం తలకొట్టి. కలుపుతున్న చేతినే చూస్తూ పెద్దమ్మ “నూనె ఇంకాస్త పొయ్యి, పొడిపొడిగా ఉంది” అంటోంది. ముప్పావు గంటలో కుశల ప్రశ్న ఒక్కటీ లేదు. అయినా మోకాళ్ల నొప్పి సంగతీ, చేలో మినుముకి వచ్చిన తెగులు సంగతీ, పిల్ల ఉద్యోగం మీద బెంగా అన్నీ వాటంతటవే బయటికి వచ్చాయి. చేతికి పనుంటే మాట దానంతటదే నడుస్తుంది.

అందుకని నేను పాటించేవీ, నలుగురికీ చెప్పేవీ ఇవి. ఫోను ఎక్కడో ఒకచోట ఆనించి పెట్టాలి. వెలుతురు వెనక నుంచి కాకుండా ముఖం మీద పడాలి, లేకపోతే చూపు తగ్గిన పెద్దవాళ్లకి నల్లటి నీడ తప్ప ఏమీ కనపడదు. కాసేపు మిగతా గ్రూపుల మోత ఆపెయ్యాలి. పూల బొమ్మల శుభోదయాలు రోజుకి పది పంపినా ఒక్క మాటకి సాటిరావు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచేసినప్పుడు తీగలు తెగి, దారులు మూసుకుపోయి, అయినవాళ్లలో ఎవరు మిగిలారో తెలియడానికి రోజులు పట్టింది. ఆ ఎదురుచూపు ఎరిగిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. పిల్లాడు ఫోను ఎత్తకపోతే వాళ్లు వాట్సాప్ తెరిచి చివరిసారి ఎప్పుడు చూశాడో చూసుకుంటారు. అర్ధరాత్రి దాటాక చూసినట్టుంటే ‘క్షేమంగానే ఉన్నాడు’ అని మళ్లీ పడుకుంటారు. ఆ చివరిసారి చూసిన వేళని ఎవరికీ కనపడకుండా దాచుకునే వీలుంది, దాచుకోండి. అమ్మకి మాత్రం కనపడనివ్వండి.

ఇంకో సంగతి. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి జరుపుతారు. అక్కడి ఎనిమిది అప్పటినుంచి మనకి ఏడున్నర. ఆ లెక్క తెలియక ఆరున్నరకే వచ్చి కూర్చునే ముసలివాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. అంతకు ముందు వారమే ఫోను చేసి చెప్పండి.