‘ఇంక్లూజివ్’ శబ్దార్థవిమర్శము

ఆంగ్లమునందలి ‘ఇంక్లూజివ్’ అను విశేషణమునకు ‘సమ్మిళితము’ అను పర్యాయము నేఁటి ప్రభుత్వపత్రములందును వార్తాపత్రికలందును రూఢమైనది. 2007–2012 నాఁటి పదునొకండవ పంచవర్షప్రణాళిక లక్ష్యముగాఁ జెప్పికొన్న వృద్ధిని తెనుఁగువారు ‘సమ్మిళితవృద్ధి’ యనిరి. ఈ పర్యాయము విచారణీయము.

‘మిల’ ధాతువునకు సంగమ మర్థము, అది యకర్మకము. దానిపైఁ గర్త్రర్థమున క్తప్రత్యయము రాఁగా ‘మిళితము’ అనఁగాఁ గలిసినది యని యర్థము, కలుపుకొనునది యని కాదు. ఆంగ్లపదమో, ఇతరులను జేర్చుకొను కర్తను బోధించును. మఱియుఁ బాలలో మిళితమైన నీరు వేఱుగాఁ గానరాదు. చేర్చుకొనఁబడినది తన రూపమును గోల్పోవలసిన పని లేదు.

పాణినీయమున ‘ఆఙ్’నకు మర్యాద, అభివిధి యని రెండర్థములు గలవు. అవధిని విడుచుట మర్యాద. అవధినిఁ గూడ గ్రహించుట యభివిధి. వికారాబాదునుండి తాండూరువఱకుఁ బోవు రైలుబండి తాండూరును జేరియే నిలుచును, ఇది యభివిధి. ఇచ్చటఁ దాండూరు గ్రహింపఁబడియుఁ దాండూరుగనే యున్నది.

సర్వనామములందును నీ భేదము గలదు. శ్రోతను గలుపుకొను ‘మనము’నకు భాషావేత్తలు ఈ యాంగ్లవిశేషణమునే వాడుదురు; ‘మేము’ శ్రోతను విడుచును. కర్ణాటకపు సరిహద్దునకు దాపుననున్న తాండూరున వినవచ్చు ఉర్దూ ‘హమ్’, నేఁటి కన్నడపు ‘నావు’ ఈ భేదమును జూపవు. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా యేర్పడఁగాఁ దాండూరు దానఁ జేరెను. వికారాబాదువారు తాండూరువారితో ‘మా జిల్లా’ యనినచో శ్రోత వెలియగును; ‘మన జిల్లా’ యనినచో లోపలివాఁ డగును. అంతమాత్రమునఁ దాండూరు కరఁగిపోదు; 2022లో భౌగోళికసూచికను బొందిన కంది తాండూరు పేరనే ప్రసిద్ధము.

విద్యావిషయమున ‘సహితవిద్య’ యను పేరు మేలు. దేనితో సహితమను నాకాంక్షను 2016 నాఁటి దివ్యాంగుల హక్కుల చట్టము తీర్చినది: వైకల్యము గలవారును లేనివారును గలసి చదువుటయు, బోధనపద్ధతి విద్యార్థి కనుగుణముగా మాఱుటయు నని. అనఁగా మాఱవలసినది చేర్చుకొను బడి. చేరిన బాలుఁడు కాఁడు. ‘సమ్మిళితము’ ఈ భారమును గర్తనుండి తప్పించుచున్నది.

రూఢి యోగముకంటె బలవత్తర మనువారు గలరు. నిజమే, కాని భార మెవరిదో తేల్పవలసినచోట రూఢి చాలదు. అట్టిచోట ణ్వుల్ప్రత్యయాంతమైన ‘సంగ్రాహకము’ గాని, తేటతెనుఁగున ‘అందఱిఁ గలుపుకొనునది’ యనుట గాని యుచితము. పాఠశాలాపండితులు ‘మేము’, ‘మనము’ అను పాఠముననే యీ వివేకమును బాలురకుఁ గలిగింతురు గాక.