డబరా ఎవరి చేతిలో ఉంది?

అమలాపురం గడియార స్తంభం సెంటరు చుట్టుపక్కల తెల్లారగట్ల ఏ కాఫీ హోటల్లో కూర్చున్నా "ఒక కాఫీ" అని ఊరికే అడిగేవాడు కనపడడు. "డికాక్షన్ ఎక్కువ, పంచదార సగం" అని ఒకరు. "పాలు తక్కువ, నురగొద్దు" అని ఇంకొకరు. మూల బల్ల దగ్గరాయన అసలు నోరే విప్పడు, చెయ్యెత్తి చూపిస్తాడంతే. సర్వరు కాగితం తియ్యడు, పెన్ను తియ్యడు. లోపలికి తిరిగి ఒక్క కేకలో ఆరుగురి జాతకాలూ చదివేస్తాడు. కాసేపటికి ఆరు గ్లాసులూ వస్తాయి, ఎవరిది వారి ముందు దిగుతుంది. తేడా వచ్చిందో, "ఇదేటండీ, ఈవేళ పాలేవన్నా మారేయా?" అని మొదలై ఆ విచారణ గల్లాపెట్టె దాకా వెళుతుంది.

ఇంత కచ్చితమైన మనిషి స్పెషాల్టీ కాఫీ షాపులో అడుగు పెడితే ఏమవుతుందన్నది ఈ వారం సంగతి.

ఈ కాలమిస్టుకి బాబాయి వరసయ్యే మాస్టారొకరు కొత్తపేట దగ్గర ఉంటారు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు, కాఫీ గురించి మాత్రం ఎంతైనా రాసుకోమన్నారు. కూతురు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తోంది. ఆవిడ నాన్నగారిని ముచ్చటపడి ఒక కాఫీ షాపుకి తీసుకెళ్ళింది. కౌంటరు దగ్గర కుర్రాడు, "సింగిల్ ఆరిజినా సర్, బ్లెండా? పోరోవరా, ఏరోప్రెస్సా?" అన్నాడు. "కాఫీ బాబూ" అన్నారు మాస్టారు. చివరికి కూతురు కల్పించుకుని కాపుచినో చెప్పింది. పైన ఆకు బొమ్మతో, చూడ ముచ్చటగా వచ్చింది కప్పు. మాస్టారు ఒక గుక్క తాగి దించేశారు. గోరువెచ్చగా ఉంది.

"కాస్త వేడి చేసిస్తావా నాయనా?"

"అరవై అయిదు డిగ్రీలు దాటితే పాల రుచి పోతుంది సర్. మా స్టాండర్డ్ అంతే."

ఆ కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. ఆవిరితో పాలు కాచేటప్పుడు 60 నుంచి 65 డిగ్రీల మధ్య ఆపితే తీపి బాగా తెలుస్తుంది, నురగ సన్నగా, నునుపుగా నిలబడుతుంది. 70 దాటిందంటే మాంసకృత్తులు విరిగి, కాగిన పాల వాసన పట్టుకుంటుంది. శాస్త్రం అతని వైపే ఉంది. అయినా మాస్టారు ఆ కప్పు పూర్తి చెయ్యలేదు.

కాఫీ హోటల్లో పాలు పొయ్యి మీద మరుగుతూనే ఉంటాయి. డికాక్షన్ మీద ఆ పాలు పోసి, పొగలు కక్కుతుండగానే తెచ్చి పెడతారు. మూతి పెడితే కాలుతుంది. అందుకే కింద డబరా. గ్లాసులోంచి డబరాలోకి, డబరాలోంచి గ్లాసులోకి తాగేవాడే తిరగబోసుకుంటాడు. ఒకాయనకి రెండు సార్లు చాలు, ఇంకొకాయనకి అయిదు. పేపరు చదివే ఆయన ముట్టుకోడు, హెడ్డింగులు పూర్తయ్యేసరికి అదే చల్లారుతుంది. ఎంత వేడిగా తాగాలన్న తీర్పు తాగేవాడిదే. కొత్త షాపులో ఆ తీర్పు కాఫీ కలిపే బరిస్టా ముందే ఇచ్చేసి కప్పులో పోసి పంపిస్తాడు. డబరా చెయ్యి మారింది. కస్టమర్ల ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుడతాయని ఈ కాలమిస్టు అనుమానం. "చల్లగా ఉంది", "చేదుగా ఉంది", "పంచదార ఎందుకు వెయ్యరు" అనే మాటల వెనక ఉన్నది రుచి తగాదా కన్నా అధికారం తగాదా. (పేపరు కప్పులొచ్చాక మన హోటళ్ళలోనూ డబరా పల్చబడింది. అది వేరే ఏడుపు.)

స్పెషాల్టీ కాఫీ అన్న మాటకి యాభై ఏళ్ళు దాటింది. 1974లో ఎర్నా నూట్సన్ అనే ఆవిడ అమెరికాలో ఒక వ్యాపార పత్రికతో మాట్లాడుతూ ఆ పేరు పెట్టింది. ప్రత్యేకమైన వాతావరణంలో పండి ప్రత్యేకమైన రుచి తెచ్చుకున్న గింజ అని ఆవిడ ఉద్దేశం. తరువాత దానికి మార్కులొచ్చాయి. వందకి 80 గాని, ఆ పైన గాని వస్తేనే ఆ పేరు. పరీక్ష పద్ధతి మాస్టారి లాంటివారికి నచ్చేదే. 150 మిల్లీలీటర్ల వేడి నీళ్ళకి 8.25 గ్రాముల పొడి వేస్తారు, నాలుగు నిమిషాలు ఆగి పైన కట్టిన తెట్టుని చెంచాతో పగలగొట్టి వాసన చూస్తారు, తరువాత చెంచాతో నోట్లోకి పీలుస్తారు. గట్టిగా, జుర్రుమని. నోరంతా, ముక్కు దాకా పాకాలి కదా. మనవాళ్ళు వీధరుగు మీద కూర్చుని జుర్రుమంటే నాజూకు లేదన్నాం. అదే పని వాళ్ళకి ఉద్యోగం.

మళ్ళీ మాస్టారి దగ్గరికి. కూతురు పట్టుదల కూడా తండ్రిదే. మర్నాడు ఇంకో షాపుకి తీసుకెళ్ళింది. చిన్నది, నాలుగే బల్లలు. అక్కడి కుర్రాడు మెనూ చూపించలేదు. "ఇంట్లో ఏ పొడి వాడతారు సార్?" అని అడిగాడు.

మాస్టారు కుర్చీలో సర్దుకున్నారు. పొడి పేరు చెప్పారు, ఇత్తడి ఫిల్టరు సంగతి చెప్పారు, డికాక్షన్ రాత్రే వేసిపెట్టే అలవాటు చెప్పారు. కుర్రాడు విన్నాడు. "ఆ ప్యాకెట్టు వెనక చిన్నక్షరాలు ఎప్పుడైనా చదివారా?" అన్నాడు. కూతురు ఫోన్లో వెతికి చూపిస్తే, సగానికి కొంచెం తక్కువ చికోరీ. మన చట్టం ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే సరిపోతుంది, మిగతాదంతా చికోరీ కావచ్చు. ప్యాకెట్టు మీద అచ్చు వెయ్యాలంతే. చికోరీ ఒక మొక్క వేరు. గుజరాత్, ఉత్తరప్రదేశ్ వైపు పండిస్తారు. కెఫీన్ ఉండదు. వేయించి కలిపితే డికాక్షన్ నల్లగా, చిక్కగా, నెమ్మదిగా దిగుతుంది. మాస్టారు ఇన్నేళ్ళూ "స్ట్రాంగు" అనుకున్నదాంట్లో దాని వాటా చాలానే ఉంది. అబద్ధపు బలం అనడం అన్యాయం. పాలతో అది చక్కగా కలుస్తుంది, అందుకే నిలబడింది.

అప్పుడు కుర్రాడు చేసి చూపించాడు. గాజు పాత్ర మీద గరాటు, గరాటులో కాగితం. ముందు ఆ కాగితాన్ని వేడి నీళ్ళతో కడిగాడు. తాసు మీద 15 గ్రాముల పొడి తూచాడు. కొంగ మెడ లాంటి ముక్కున్న కెటిల్‌తో కొద్దిగా నీళ్ళు పోసి ఆగాడు. పొడి పైకి ఉబ్బి, బుడగలు తేలి, మధ్యలో చిన్న పగుళ్ళు పడ్డాయి. కొత్తగా వేయించిన గింజలో మిగిలిన బొగ్గుపులుసు వాయువు అలా బయటికి పోతుందన్నాడు. పొడి పాతబడితే ఆ ఉబ్బు రాదు. ముప్పై, నలభై సెకన్లాగి, చుట్టూ సున్నాలు చుట్టినట్టు మిగతా నీళ్ళు పోశాడు. మొత్తం 250 మిల్లీలీటర్లు, మూడు నిమిషాలు. మాస్టారు గడియారం చూసుకున్నారు.

పాలు లేవు, పంచదార లేదు. మొదటి గుక్కకి ఆయన మొహం చూసి కూతురు భయపడింది. "డికాక్షన్ ఇచ్చి పాలు మర్చిపోయినట్టున్నాడమ్మా" అన్నారు. కుర్రాడు నవ్వి పంచదార సీసా జరిపాడు. "వేసుకోండి సార్. కాని ఒక్క గుక్క చల్లారాక తాగి వేసుకోండి." ఆ సీసా బల్ల మీదికి రావడంతో డబరా మళ్ళీ మాస్టారి చేతికొచ్చినట్టే. ఆయన ఆగారు. చల్లారాక తాగి, "పుల్లగా ఉంది... కాని చెడిన పులుపు కాదు. నారింజ తొక్క నలిపినట్టుంది" అన్నారు.

ప్యాకెట్టు మీద ఏం రాశారో తెలుసా? బ్లూబెర్రీ, బ్రౌన్ షుగర్. రాజోలులో పెరిగిన మనిషి బ్లూబెర్రీ ఎక్కడ తిని ఉంటాడు? ఈ రుచుల పేర్లకో చక్రం ఉంది. 1995లో మొదటిసారి వేశారు, 2016లో మళ్ళీ గీశారు. అందులోని వాసనలకి నమూనాలుగా పెట్టుకున్నవి చాలావరకు అమెరికా దుకాణాల్లో దొరికే జాములు, పళ్ళరసాలు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళ నోటికి తెలిసిన మాట వాళ్ళు రాసుకున్నారు. మన నోటికి నేరేడు తెలుసు, తాటిబెల్లం తెలుసు, పనసతొన తెలుసు. అంబాజీపేట మార్కెట్లో వ్యాపారి కొబ్బరికాయని చెవి దగ్గర ఆడించి లోపల నీళ్ళెంతో చెబుతాడు, కురిడీ వాసన చూసి ఎండిందో లేదో తేలుస్తాడు. పనసాకు బుట్టలో ఉడికిన పొట్టిక్క తింటూ ఆకు లేతదో ముదురో చెప్పేవాళ్ళున్నారు. ఇలాంటి ముక్కులున్న ఊళ్ళో రుచికి భాష లేదనుకోవడం పొరపాటు. తెలుగు ఊళ్ళో కాఫీ షాపు పెట్టేవారు ముందు ఆ బ్లూబెర్రీ కొట్టేసి నేరేడు రాయాలి. మెషిను కొనడం తరువాతైనా ఫరవాలేదు.

కాఫీ గింజ మనకి కొత్తదా అంటే, కాదు. మన్యంలో కాఫీ మొదట నాటింది పాములేరు లోయలో, 1898లో, బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి. పాములేరు మారేడుమిల్లి దగ్గర ఉంది. అప్పటికి తూర్పుగోదావరి జిల్లా అన్న పేరే లేదు, ఆ జిల్లా 1925లో వచ్చింది. కోనసీమ, మారేడుమిల్లి 2022 ఏప్రిల్ దాకా ఆ ఒక్క జిల్లాలోనే ఉన్నాయి. అంటే సొంత జిల్లా కొండల్లో కాఫీ ఉన్నా, అమలాపురం ఇళ్ళలో ఎక్కడ పండిందో తెలియని పొడి తాగాం.

ఎందుకలాగ? కారణం చాలావరకు కాగితాల్లోనే ఉంది. 1942 కాఫీ చట్టం కింద రైతు పంటంతా కాఫీ బోర్డు ఉమ్మడి రాశికే ఇవ్వాలి. అన్ని తోటల గింజలూ అందులో కలిసిపోయేవి, వేలంలో అమ్మేవారు. ఏ కొండది, ఎవరు ఎండబెట్టారు అన్న ప్రశ్నకి అక్కడే తెర పడింది. 1990ల్లో ఆ పట్టు సడలి, 1996కల్లా రైతు తన పంట తాను అమ్ముకునే స్వేచ్ఛ పూర్తిగా వచ్చింది. తోట పేరు ప్యాకెట్టు మీదికి రావడానికి దారి అప్పుడు పడింది. అరకు గిరిజన రైతుల కాఫీని నాంది ఫౌండేషన్ 2017లో పారిస్ నడిబొడ్డున షాపు తెరిచి అమ్మింది. మరుసటేడు అక్కడే పోటీలో బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు వేలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2021లో బెంగళూరు ఇందిరానగర్లో షాపు వచ్చింది. పారిస్ మీదుగా బెంగళూరు. అమలాపురం దారిలో లేదు మరి.

ఇంకొక్క సంగతి, నీళ్ళు. కప్పులో నూటికి 98 పాళ్ళు నీళ్ళే. స్పెషాల్టీవాళ్ళు లీటరుకి 150 మిల్లీగ్రాముల లవణాలుంటే మేలంటారు, 75 నుంచి 250 దాకా ఒప్పుకుంటారు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు చాలా చోట్ల బోరు వేస్తే ఉప్పు నీళ్ళే వస్తాయి. అందుకని ఇరవై లీటర్ల ఆర్వో టిన్నులు. ఆ నీళ్ళలో లవణాలు బొత్తిగా మిగలకపోతే కాఫీ చప్పబడుతుంది, ఎంత మంచి గింజైనా సరే. బరిస్టాలు దీనికి కొలిచి మరీ లవణాలు కలుపుతున్నారు. వేసవిలో కాలవలు కట్టేశాక "కాఫీ రుచి మారిందర్రా" అని మన పెద్దవాళ్ళు సణిగేవారు. మీటరు లేకుండానే పట్టుకున్నారన్నమాట.

మాస్టారు హైదరాబాదు నుంచి పావు కిలో చికోరీ లేని పొడి తెచ్చుకున్నారు. ఇత్తడి ఫిల్టర్లో వేస్తే డికాక్షన్ గబగబా దిగిపోయింది. పాలు పోశాక రంగు చూసి పిన్నిగారు, "ఇది కాఫీయా, కాఫీ గ్లాసు కడిగిన నీళ్ళా?" అన్నారు. ఆయన వాదించలేదు. పొడి ఒక పొట్లం కట్టుకుని రోజూ వెళ్ళే హోటలుకి పట్టుకెళ్ళారు.

"మనదాంట్లో చికోరీ ఎంతవయ్యా?"

"ముప్పై అండీ. ఎందుకండీ?"

"ఇది సగం కలిపి నాకొక్కడికి వెయ్యి రేపు."

మర్నాడు ఆయన గ్లాసు ఆయన ముందు దిగింది. డబరాలోకి మూడు సార్లు తిరగబోసుకుని తాగారు. ఓనరు గల్లాపెట్టె వదిలి వచ్చి నిలబడ్డాడు.

"ఎలాగుందండీ?"

మాస్టారు ఇంకో గుక్క తాగారు. "వాసన ఉంది. నీళ్ళే... టిన్నువా?"

"టిన్నువేనండి."

"కాలవ నీళ్ళు కాచి చూడవయ్యా ఒకసారి."

ఓనరు లోపలికి తిరిగి కేకేశాడు. "ఒరే, రేపు మాస్టారికి గోదారి నీళ్ళు!"

"ఆయ్" అని వినపడింది లోపల్నుంచి.