మరి ఆగిండా?

కిందటి శ్రావణంలో కోరుట్లలో మా చిన్నమ్మ కూతురింటికి పేరంటానికి వెళ్ళాను. తాంబూలాలు అయ్యాక, "నువ్వు కథలు రాసేదానివి గదా, ఏదన్న మంచి పాట వినిపియ్యి" అన్నారు. కథలు రాయడానికీ పాటకీ సంబంధమేమిటో నాకిప్పటికీ తెలియదు. అయినా కాదనలేక ఫోన్లో త్యాగరాజస్వామి వారి కీర్తన ఒకటి పెట్టాను. రీతిగౌళ రాగంలో, "నన్ను విడచి" అని మొదలయ్యేది.

పక్కింటావిడ గడప దగ్గర కూర్చుని విన్నది. ఆమె కొడుకు దుబాయి వెళ్ళి నాలుగేళ్ళు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఈ మాట చెబితే ఇంకేమీ అడగరు. ప్రతి వాడలోనూ అలాంటి ఇల్లొకటి ఉంటుంది.

పాట అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని, "ఎవలు పోతున్నరక్కా? ఎవలు పోవద్దంటున్నరు?" అంది.

"దేవుడు పోతానంటున్నాడు. ప్రహ్లాదుడు పోవద్దంటున్నాడు."

"మరి ఆగిండా?"

నాకు జవాబు తోచలేదు. ఎన్నేళ్ళుగా ఈ పాట వింటున్నాను! రాగం బాగుందనుకున్నాను, గొంతు బాగుందనుకున్నాను. దేవుడు ఆగాడా లేదా అని ఒక్కనాడైనా అనుకోలేదు. ఎందుకనుకోలేదో ఇంటికొచ్చి ఆలోచిస్తే తప్పంతా నాది కాదనిపించింది. మనకు ఈ పాటను అందించిన పద్ధతే అలాంటిది.

ఆ కీర్తన విడిగా పుట్టింది కాదు. త్యాగరాజు "ప్రహ్లాద భక్తి విజయం" అని తెలుగులో ఒక గేయనాటకం రాశాడు. 5 అంకాలు, 28 రాగాల్లో 45 కీర్తనలు, మధ్యలో పద్యాలు. కట్టి సముద్రంలో పడేసిన పిల్లవాడితో కథ మొదలవుతుంది. మన సినిమాలో ప్రహ్లాదుడి కథంటే హిరణ్యకశిపుడి కథే. 1967లో వచ్చిన "భక్త ప్రహ్లాద" తలుచుకోండి, ముందు కళ్ళకు కట్టేది ఎస్.వి. రంగారావు గారి గద. నారదుడిగా సాక్షాత్తు బాలమురళీకృష్ణ ఉన్నా సరే! త్యాగరాజు మనసు మాత్రం గద మీద లేదు. దేవుణ్ణి చూడాలన్న ఆరాటం, చూశాక ఎక్కడ వెళ్ళిపోతాడో అన్న దిగులు, ఆయన నాటకమంతా ఇదే.

ఇందులో పాటలు మీకు తెలియనివేమీ కావు. నాటకానికి మొదటి పాట "శ్రీగణపతిని", సౌరాష్ట్రంలో. కచేరీ మొదట్లో పాడేస్తారు. చివరి మంగళం "నీ నామరూపములకు", అదీ సౌరాష్ట్రమే. కచేరీ చివర పాడేస్తారు. అంటే ఈ ఇంటి వీధి తలుపూ, పెరటి తలుపూ మనకు బాగా పరిచయం. మధ్యలో ఎవరు కాపురముంటున్నారో మాత్రం తొంగి చూడలేదు.

పాటలిలా విడివిడిగా మిగలడానికి రికార్డుల పాలు కొంత ఉంది. మన దేశంలో గ్రామఫోన్ రికార్డింగు 1902లో మొదలైంది. పాత రికార్డు ఒక వైపుకు మూడు నాలుగు నిమిషాలు. అందులో ఒక కీర్తన ఇరికించడమే గొప్ప. ఎల్.పి.లు వచ్చాయి, కాసెట్లొచ్చాయి, ఫోన్లొచ్చాయి. జాగా పెరిగింది గానీ ముక్కలు చేసే అలవాటు పోలేదు.

జాగా లేకపోవడమొక్కటే కారణమా? త్యాగరాజు 1847 జనవరిలో పోయాడు. అదే ఏడాది నవంబరులో మెండెల్సన్ అనే జర్మన్ స్వరకర్త పోయాడు. ఆయనా ఒక భక్తుడి కథకు పాట కట్టాడు: ఏలీయా ప్రవక్త కథ, "ఎలైజా". వేషాలుండవు, తెరలుండవు, గాయకులంతా వరసగా నిలబడి కథ పాడతారు. 1846లో బర్మింగ్‌హామ్‌లో మొదటిసారి పాడారు. 1947లో ఆ మూడు నాలుగు నిమిషాల రికార్డుల మీదే, పళ్ళేల తర్వాత పళ్ళేలు మారుస్తూ, రికార్డు చేశారు. బృందగానం ఎవరిదనుకున్నారు? హడర్స్‌ఫీల్డ్ అనే ఉన్నిమిల్లుల ఊరి వాళ్ళది! 1836లో పెట్టుకున్న పాటల సంఘమది.

మిల్లుల ఊరనగానే నాకు సిరిసిల్ల గుర్తొచ్చింది. మా ఆడపడుచు ఇల్లక్కడే. పవర్‌లూముల చప్పుడులో మనం అరిచినా ఎదుటివాళ్ళకు వినపడదు. త్యాగరాజు శిష్యుల్లో వాలాజపేట వేంకటరమణ భాగవతార్ పట్టునేతకు పేరుపడ్డ సౌరాష్ట్రుల బిడ్డ. ఆ గురువుగారి రచనలను భద్రంగా రాసిపెట్టి మనదాకా రానిచ్చిన ఇళ్ళలో ఆయన ఇల్లొకటి. ఆ వాలాజపేట రాతప్రతులు మదురై సౌరాష్ట్ర సభకు చేరాయి. తెలుగు పాటను తమిళనాడులో నేతవాళ్ళు కాపాడారన్నమాట. మన సాలెవాడలో ఆ పాట వినపడదేం?

"అది శాస్త్రీయ సంగీతం, మనకెక్కడ అబ్బుతుంది" అంటారు మావారు. అబ్బకేం? మా జిల్లాలోనే గోదావరి ఒడ్డున ధర్మపురి నరసింహస్వామి ఉన్నాడు. ఆయన మీద శేషప్ప కవి చెప్పిన శతకం చదువురాని ముసలమ్మల నోట కూడా విన్నాను. చిన్నప్పుడు చిందు భాగోతం తెల్లవార్లూ మెలకువగా కూర్చుని చూసిన వాళ్ళం. మనకు కథ కావాలి. కథలో పెట్టి ఇస్తే రాగం తనంతట తనే వస్తుంది.

పెద్ద విద్వాంసులు విడిగా పాడిన ఆ రీతిగౌళకు వంక పెట్టే అర్హత నాకు లేదు. కానీ అందులో నాకు గాయకుడు కనిపించాడు, పిల్లవాడు కనిపించలేదు. చదువురాని ఆ తల్లి మాత్రం ఒక్కసారి వినగానే పిల్లవాణ్ణి వెతికింది. విమర్శకురాలెవరో మీరే చెప్పండి.

ఇప్పుడు జగిత్యాలలో మేం ఆరుగురం ఆడవాళ్ళం శనివారాలు కూర్చుని నాటకం మొదటి అంకం నుంచి చదువుకుంటున్నాం, వచ్చినవి పాడుకుంటున్నాం. కోరుట్ల ఆవిడ కూడా బస్సెక్కి వస్తోంది. ఇంకా సముద్రం ఒడ్డునే ఉన్నాం. వచ్చినప్పుడల్లా అడుగుతుంది, ఆగిండా అని. నేను చెప్పను. మంగళం దాకా వస్తే తనకే తెలుస్తుంది. మీకూ అంతే!