వెలలేని యాట

జనగామ, మహబూబాబాదు రైలుస్టేషనులలో బండికై వేచియుండువారి చేతులలో నేడు వార్తాపత్రిక యరుదు. సెల్‌ఫోనులో నొక యుచితపుటాట తరచు. ఇట్టి యాటలు తీరిక వేళను నింపుచున్నవని యెల్లరు నందురు. మేమందుకు సమ్మతింపము.

2012లో వెలువడిన క్యాండీ క్రష్ సాగాను చూడుడు. ఆడువారికి ఐదు ప్రాణములిత్తురు. ఓడినప్పుడెల్ల నొకటి పోవును; అది తిరిగివచ్చుటకు 30 నిమిషములు పట్టును; ఓపిక లేనివారు రూకలిచ్చి కొనవచ్చును. మొదట దీనిని మితము నేర్పు కట్టడి యనుకొంటిమి. పిమ్మట బడిగంటల నడుమను, భోజనానంతరమునను, నిద్రకు ముందును ప్రాణము వచ్చినదాయని తెరచి చూచుచున్నది మేమే! (మా యింట నీ సంగతి యెవరికిని దెలియదు.) అనగా ఆట మా తీరికలో నిముడలేదు; మా తీరికయే దాని గడియారమున కమరినది. అష్టాచెమ్మా ముగిసినచో గవ్వలు మూటగట్టి లేచెదము. దీనికి ముగింపు లేదు, విరామము మాత్రమే కలదు.

సొమ్మొడ్డు ఆన్‌లైను ఆటలను తెలంగాణ ప్రభుత్వము 2017లో నిషేధించెను. కేంద్రమును 2025లో నట్టి చట్టమే చేసెను. పోయిన సొమ్ము చట్టమునకు గానవచ్చును. పోయిన యరగంటలు కానరావు.

భూపాలపల్లి సింగరేణి భూగర్భగనులలోనికి సెల్‌ఫోను కొనిపోరాదు. షిఫ్టు ఎనిమిది గంటలు. ఐదు ప్రాణములును నిండుటకు రెండున్నర గంటలు చాలును; కార్మికుడు పైకి వచ్చుసరికి అవి సిద్ధముగ నుండును.