ముసుగులో భీముడు: సీమ నాటకం భయపెట్టే తీరు

చిన్న చిన్న బృందాలు సొంతంగా తయారుచేసుకున్న హారర్ గేములను వరసగా చూపించే కార్యక్రమానికి తమకిష్టమైన యూట్యూబర్ వ్యాఖ్యాతగా వస్తున్నాడంటే కుర్రకారుకు పండగే. 2014లో స్కాట్ కాథన్ రూపొందించిన 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్' గేమ్ ఆడుతూ యూట్యూబర్ మార్కిప్లయర్ అదిరిపడుతుంటే లక్షల మంది చూశారు. భయపడటానికి తోడు కావాలి. ఆ తోడు మనకంటే ముందు ఉలిక్కిపడాలి, మనకంటే ముందు నవ్వాలి. రాయలసీమ పల్లెలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

తోలుబొమ్మలాటలో ఆ పని హాస్యపాత్రలైన కేతిగాడిది, జుట్టుపోలిగాడిది, బంగారక్కది. పలచగా గీకి రంగులద్దిన తోలు వెనక దీపం వెలిగించి, మనిషెత్తు రాక్షసుణ్ణి తెర మీదికి తెస్తారు. యుద్ధం మొదలైతే ఆటగాళ్లు కాళ్లకింది చెక్కలను దబదబా తొక్కుతారు. పిల్లలు అమ్మ కొంగు పట్టుకునే వేళకు కేతిగాడు ఊడిపడతాడు. అతను కథకు అడ్డమనుకుంటే పొరపాటే. అతను రాకపోతే పిల్లలు రెండో రాక్షసుడి దాకా కూర్చోరు.

బొమ్మలాడించిన ఆ కుటుంబాల్లో కొందరే 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో తామే వేషాలు కట్టారు. వనారస గోవిందరావుతో మొదలైన ఆ సురభి నాటకాల్లో మొట్టమొదటిది 'కీచకవధ'. ఎంత తెలివైన ఎంపిక! నర్తనశాల. చీకటి. ముసుగు కప్పుకున్న ఆకారం. ద్రౌపదే అనుకుని కీచకుడు మురిసిపోతూ దగ్గరికొస్తాడు. లోపలున్నది భీముడని జనమందరికీ తెలుసు, అతనొక్కడికే తెలియదు. ఆ చెయ్యి ముసుగును తాకేదాకా ఎంతసేపు నడపాలన్నదే నటుడి విద్య. తొందరపడితే సన్నివేశం చప్పబడిపోతుంది, సాగదీస్తే జనం నవ్వేస్తారు. హారర్ గేములో తలుపు వెనక ఏముందో తెలియక భయం. ఇక్కడ తెలిసీ భయం. రెండోదే కష్టమని నా నమ్మకం.

ఆ తర్వాత సురభివాళ్లు 'మాయాబజార్', 'పాతాళభైరవి', 'భక్తప్రహ్లాద' లాంటి నాటకాలతో మాయలకు పేరుపడ్డారు. స్తంభం చీలి నరసింహుడు బయటికొస్తాడు. రెండువైపుల నుంచి వచ్చిన బాణాలు నడిమధ్య గుద్దుకుని నిప్పురవ్వలు రాలతాయి. లడ్డూలు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోతాయి. కిటుకంతా దారంలో, వెలుతురులో ఉంది. నల్లతెర ముందు నల్లదారం కంటికానదు, దీపం కోణం మారితే మాత్రం పట్టుబడిపోతుంది. పద్యం ఎక్కడ తెగుతుందో, హార్మోనియం ఎక్కడ ఎత్తుకుంటుందో చెవితో పసిగట్టి తాడు లాగాలి. అందుకే ఆ తాడు బయటివాళ్ల చేతికిస్తే కుదరదు. ఇంటిల్లిపాదీ రంగస్థలం మీదే పెరగడం వల్ల వచ్చిన లాఘవమది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలంలోనూ సురభిలో ఆడవాళ్లే కట్టారు. సురభి బాబ్జీగా పేరొందిన రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది.

దారాలతో పనిలేని భయం కూడా ఉంది. నాటకంగా ఆడే వీరబ్రహ్మేంద్రస్వామి కథ ఒకప్పటి కర్నూలు జిల్లా బనగానపల్లె నుంచి కడప జిల్లా కందిమల్లాయపల్లె దాకా నడుస్తుంది. శరీరంలోనే దేవతలున్నారని స్వామి చెప్పగా చాటున విన్న కక్కయ్య అనే అతను, అది నిజమో కాదో చూద్దామని నిద్రపోతున్న భార్య కడుపు చీలుస్తాడు. లోపల దేవతలెవరూ కనిపించరు. స్వామి వచ్చి ఆమెను బతికించేలోపు కక్కయ్య ముఖంలో కదిలేదంతా నటుడే మోయాలి.

ఊరూపేరూ లేని గేములను వెలుగులోకి తెచ్చే ఆ యూట్యూబర్ల ఉత్సాహం మన కడప, కర్నూలు వీడియో కుర్రాళ్లకూ తక్కువేం లేదు. సురభి ఆడే ఒక రాత్రి జనంలో ఒక కెమెరా, తాళ్ల దగ్గర ఇంకో కెమెరా పెట్టి, ఏది ఎలా జరుగుతోందో తమ మాటల్లో చెప్పాలి. గుట్టు బయటపడుతుందన్న బెంగ అక్కర్లేదు. దారం ఉందని తెలిసే జనం ఆ లడ్డూలకు చప్పట్లు కొడుతున్నారు.