వెయ్యి కార్డులు – ఒక గిటారు

మా మేనల్లుడికి గిటారు కొనిచ్చింది వాళ్ల నాన్న. పుస్తకం కొనిచ్చింది నేను. గిటారు వల్ల ఎవరికీ ఏ హానీ జరగలేదు.

ఆ గ్రంథరాజాన్ని బెజవాడ ఏలూరు రోడ్డులో కొన్నాను. కొత్తగా నేర్చుకునేవారి కోసమనీ, లోపల వెయ్యికి పైగా కార్డులున్నాయనీ అట్ట మీద ఉంది. ఎన్ని ఎక్కువుంటే అంత లాభం గదా అనుకున్నాను. దాచేపల్లిలో బస్సు దిగి ఇంటికి తెచ్చి చూపిస్తే మా అక్కయ్య, "వెయ్యి కార్డులేం చేసుకుంటాడ్రా! ఇంటి మొత్తానికీ మనకున్నది ఒక్క రేషను కార్డు" అంది. అందరం నవ్వాం. ఆ పుస్తకం మీద రావలసిన అసలైన విమర్శ అదేనని నాకు తెలిసేసరికి ఆర్నెల్లు పట్టింది.

తెలియనివారికి ఒక ముక్క. కొన్ని స్వరాలు కలిపి ఒక్కసారిగా మోగిస్తే దాన్ని కార్డు అంటారు. పుస్తకంలో ఒక్కో కార్డుకీ ఒక గళ్ల బొమ్మ ఉంటుంది. నిలువు గీతలు తీగలు, అడ్డగీతలు మెట్లు, చుక్కలు వేళ్లు పెట్టే చోట్లు. చూడ్డానికి చుక్కల ముగ్గులా ఉంటుంది గాని, వేళ్లతో వేయబోతే తెలుస్తుంది సంగతి.

క్రిస్మస్‌కి చర్చిలో వాయించాలని మావాడి కోరిక. పాపం, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. సదరు పుస్తకం అకారాది క్రమంలో ఉంది. పది పేజీలు తిప్పినా 'ఎ' అక్షరం దాటలేదు. 'ఎఫ్' దగ్గరకొచ్చేసరికి ఒక్క చూపుడువేలితో ఆరు తీగల్నీ అదిమి పట్టమంది. నెలన్నర తరవాత, "నా వేళ్లు పొట్టివి మావయ్యా, నాకు రాదులే" అన్నాడు. గిటారు గోడెక్కింది.

నన్ను బాధపెట్టింది ఆ మాట. పుస్తకం తప్పు పిల్లవాడి వేళ్ల మీద పడింది! నవల బాగుండకపోతే రచయితను తిడతాం. నేర్పే పుస్తకం బాగుండకపోతే మాత్రం చదివినవాడు తన్ను తానే తిట్టుకుంటాడు.

నిఘంటువు వేరు, బాలశిక్ష వేరు. 1885 నాటి శబ్దరత్నాకరం ఎంత గొప్పదైనా, దాన్ని చేతికిచ్చి పసివాణ్ణి మాట్లాడమంటామా? గిటారు పుస్తకాల్లోనూ అంతే. టెడ్ గ్రీన్ 1971లో వేసిన 'కార్డ్ కెమిస్ట్రీ' విద్య వచ్చినవారు కళ్లకద్దుకునే పుస్తకం. కొత్తవాడికది కీకారణ్యం. బెర్ట్ వీడన్ 1957 నాటి పుస్తకం పేరు 'ప్లే ఇన్ ఎ డే'. ఒక్క రోజులో వస్తుందనడం కోతే! అయినా బీటిల్స్ కుర్రాళ్లు మొదట తిరగేసిన పుస్తకాల్లో అదొకటి. అది భయపెట్టదు, చెయ్యి పట్టుకుంటుంది.

ఇంతకీ కొత్తవాడికి ఎన్ని కార్డులు కావాలి? మూడు. 'జి'ని షడ్జమం అనుకోండి. జి కార్డులో స-గ-ప ఉన్నాయి. సి కార్డులో మ-ద-స. డి కార్డులో ప-ని-రి. సప్తస్వరాలూ వచ్చేశాయి! శంకరాభరణం స్వరాలన్నీ ఆ మూడు పట్లలోనే ఉన్నాయి. పైగా ఆరు తీగల్నీ అదిమే పని లేదు. పాడేవారి శ్రుతి హెచ్చితే మెట్టు మీద కేపో బిగిస్తే సరి.

మా ఇళ్లల్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉంటుంది. కీర్తన నెత్తిన రాగం, తాళం ఉంటాయి. హేయర్ అనే లూథరన్ మిషనరీ మా పక్కనున్న గురజాలకి మకాం మార్చింది 1849లో. అంత పాత చుట్టరికం మాది. కీర్తనల పుస్తకం మోహనం అంటుంది. కార్డుల పుస్తకానికి మోహనం ఎవరో తెలీదు. మోహనం అయిదు స్వరాల్లో నిండుగా కుదిరే మూడు స్వరాల కార్డులు రెండే: జి, ఇ మైనర్. రెండోది రెండు వేళ్ల పని. ఈ ఒక్క వాక్యం ఏ పుస్తకంలోనన్నా ఉంటే మావాడి గిటారు గోడెక్కేది కాదు.

కాబట్టి కొనేముందు కొట్లోనే నిలబడి నాలుగు సంగతులు చూడండి. మొదటి పాఠంలో ఎన్ని కార్డులున్నాయి? ఏ చుక్క మీద ఏ వేలో అంకె వేశారా? ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకి ఎలా జారాలో చెప్పారా? కష్టమంతా అక్కడే ఉంది. నాలుగోది, పుస్తకం తెరిస్తే తెరిచినట్టు ఉంటుందా? రెండు చేతులూ గిటారు మీదుంటాయి గదా! మావాడు పేజీ మూసుకోకుండా పచ్చడి బండ పెట్టేవాడు.

ఫోనులో వీడియోలుండగా పుస్తకమెందుకనకండి. ఫోను మనల్ని తోసుకుపోతుంది. పుస్తకం మన వేలు కుదిరేదాకా కూర్చుంటుంది.

చివరికి నేనే పాత క్యాలెండరు కాగితం వెనక నాలుగు బొమ్మలు గీసి గోడకంటించాను. గిటారు కిందికి దిగింది. సి నుంచి డికి మారేటప్పుడు ఇంకా కాస్త తడబడుతున్నాడు గాని, వేళ్లు పొట్టివన్న మాట మళ్లీ అనలేదు.

గ్రంథరాజం వృథా పోలేదు. పచ్చడి బండ కింద పీటగా ఉంది.