తాళం పట్టిన అమ్మ: కారైక్కాల్ అమ్మైయార్ కంచు విగ్రహం – ఒక పరిశీలన

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని కారైక్కాల్ అమ్మైయార్ విగ్రహం 13వ శతాబ్దపు చోళ శిల్పం. ఎముకలు తేలిన దేహం, ఎండి వేలాడే స్తనాలు, చేతుల్లో తాళాలు; ఆమె కూర్చుని పాడుతోంది. సేక్కిళార్ 12వ శతాబ్దంలో రచించిన పెరియపురాణం ప్రకారం, భర్త తనను దైవమని ఎంచి కాళ్లకు మొక్కినప్పుడు పునీతవతి, అతనికోసం మోసిన అందాన్ని తొలగించి పేయ్ (దయ్యం) రూపం ప్రసాదించమని శివుణ్ణి వేడుకుంది. ఈ కథను బట్టి శిల్పాన్ని స్త్రీత్వ పరిత్యాగానికి ప్రతీకగా వ్యాఖ్యానించడం అసమగ్రం. స్త్రీత్వాన్ని చెరిపివేయడమే ఉద్దేశమైతే శిల్పి స్తనాలను ఇంత స్పష్టంగా మలచనవసరం లేదు. ఆ దేహంపై భర్తకున్న హక్కు మాత్రమే ఇక్కడ తొలగింది. అతడూ, కథలోని మామిడిపండూ శిల్పంలో లేకపోవడం గమనార్హం. సేక్కిళార్‌కు కొన్ని శతాబ్దాల ముందే ఆమె తన పద్యాల్లో 'కారైక్కాల్ పేయ్' అని చెప్పుకుంది. వాటిలోనూ భర్త ప్రస్తావన లేదు. కనుక ఈ విగ్రహం పురాణకథకంటే కవయిత్రి స్వీయ ముద్రకే సన్నిహితం. పార్వతి నిండు రూపాన్ని పోతపోసిన మధూచ్ఛిష్ట విధానంలోనే ఈమెనూ పోశారు. ఎండిన ఈ దేహాన్నీ శిల్పి మొదట మెత్తని మైనంలోనే తీర్చవలసి వచ్చింది.